పడమటింటి ఆయం

సువర్ణ చేతిలో టేపు లేకుండా ఎవరైనా చూశారంటే అది ఆదివారం పొద్దున్న చర్చిలోనే అయి ఉండాలి. అక్కడ కూడా హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన టేపు ఉంటుందని ఆవిడ భర్త సుధీర్ చెబుతాడు. పెళ్లికెళితే భోజనాల బల్ల ఎత్తు చూస్తుంది. ఆస్పత్రికెళితే కిటికీ వెడల్పు చూస్తుంది. ఒకసారి చుట్టాలింటికి చావు పలకరింపుకి వెళ్లి, అందరూ కళ్లు తుడుచుకుంటూంటే ఈవిడ తలెత్తి సీలింగుకేసి చూస్తూ కూర్చుందట. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఆవిడకి కోపం వస్తుంది గాని, చూడలేదని మాత్రం అనదు.

అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర ‘సువర్ణ ఇంటీరియర్స్’ అన్న చిన్న బోర్డు ఆవిడదే. నలభై ఆరేళ్ల మనిషి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పన్నెండేళ్లు ఒక ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీసి, ఆ తర్వాత తెగించి సొంతంగా దుకాణం పెట్టుకుంది. పెట్టి పదేళ్లు దాటింది. ఈ పదేళ్లలో చేసినవన్నీ ముక్కలే. ఒకరింట్లో వంటగది అరలు, ఇంకొకరింట్లో టీవీ వెనకాల చెక్కపని, మరొకరింట్లో పిల్లల మంచం. మొత్తం ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. మొత్తం ఇల్లంటే మన కోనసీమ మారాజులు వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో డిజైనర్ని దింపుతారు. ఆ డిజైనరు వెళ్లిపోయాక అరతలుపు ఊడితే సువర్ణకి ఫోన్ చేస్తారు. ఆవిడ వెళ్లి బిగించి వస్తుంది. వచ్చి సుధీర్ మీద విసుక్కుంటుంది. పాపం సుధీర్ బడిపంతులు, ఏం చేస్తాడు, ఆయ్ అంటాడు.

అలాంటిది కిందటి దసరా వెళ్లిన వారానికి కొత్తపేట దగ్గర్నుంచి వెంకటసాయిరాం అనే కుర్రాడు ఫోన్ చేసి, మాది మండువా లోగిలండీ, మొత్తం ఇల్లు చేసిపెట్టాలి అన్నాడు. సువర్ణ ఆ రెండు మాటలూ మళ్లీ చెప్పించుకుంది. మొత్తం ఇల్లా అండీ అని అడిగింది. ఆయ్, మొత్తం ఇల్లేనండి అన్నాడతను. ఫోన్ పెట్టేసి, ఉన్నచోటే రెండుసార్లు గిర్రున తిరిగింది. ఆ తిరగడం ఎదురు మందుల షాపు వాళ్లంతా చూశారు.

ఆ సాయంత్రం నాన్న దగ్గరికి పరిగెత్తింది. నాన్నంటే ఏసుదాసు, డెబ్బై ఆరేళ్లు, ఒకప్పటి తాపీమేస్త్రీ. రాజోలు నుంచి రాయవరం దాకా ఆయన చెయ్యి పడని పెద్దిల్లు తక్కువ. ఇప్పుడు మోకాళ్లు సహకరించక వసారాలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ల కొత్తిళ్లకి వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. కూతురు ఊరూ, ఇంటిపేరూ చెప్పగానే గుర్తుపట్టేశాడు. నలభై ఏళ్ల కిందట ఆ ఇంటి వీధి వసారాలో ఎర్రగచ్చు చేసింది ఆయనే.

“లోపలెలా ఉంటాది నాన్నా?” అని అడిగింది సువర్ణ.

“నాకేం తెలుసే, వసారా దాటి లోపలికెళ్లే పని పళ్లేదు” అన్నాడాయన.

పని పడలేదంటాడు గాని, పడనివ్వలేదన్నా తప్పులేదు. ఆ ఇల్లు వేదం చెప్పుకున్న వాళ్లది. ఆ రోజుల్లో ఆ వసారా ఎంతవరకో, ఏసుదాసు కాళ్లు కూడా అంతవరకే. ఆయన దాన్నొక కష్టంగా ఎప్పుడూ చెప్పుకోలేదు. సువర్ణ మాత్రం ఆ మాట మర్చిపోలేదు.

ఇంతకీ ఆ ఇల్లు ఎలాంటిదనుకున్నారు! నూటపాతికేళ్ల పెంకుటిల్లు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, నాలుగు వైపులా గదులు. అన్నింటిలోకీ పెద్దది పడమటిల్లు. పూజైనా పురుడైనా, పదిమంది కూర్చునేదంతా అందులోనే. ఆ గది ద్వారబంధం మీద నడిమధ్యన, అరచేతి వెడల్పున ఒక ఏనుగు బొమ్మ చెక్కి ఉంది. ఇంటి యజమాని శరభయ్యగారు ఓరియంటల్ కాలేజీలో సంస్కృతం చెప్పి మొన్ననే రిటైరయ్యారు. ఆయన భార్య అమృతవల్లిగారు. కొడుకు సాయిరాం హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసుకుంటున్నాడు. ఊరు కదలనని, కావాలంటే ఇంటినే మార్చుకుంటానని భీష్మించుకుని కూర్చున్నాడు. మాఘంలో శరభయ్యగారి షష్టిపూర్తి. ఆ లోపల పని పూర్తి కావాలి.

శరభయ్యగారు ఒకే ఒక్క మాట చెప్పారు. గోడలు పడగొట్టకూడదు, ద్వారాలు కదపకూడదు, మిగతాది మీ ఇష్టం అన్నారు. సువర్ణకి అంతకంటే ఏం కావాలి?

ఆ మూడు నెలలూ ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు. పొద్దున్న ఏడింటికల్లా స్కూటీ కాలవగట్టెక్కేది. వడ్రంగి సూరిబాబు తన మనుషులతో అక్కడే మకాం పెట్టాడు. ధాన్యం పోసే కొట్టుగదికి కిటికీ పెట్టి, ఏసీ బిగించి, సాయిరాంకి ఆఫీసు చేసింది. విరిగిన పాత తలుపు మీద అద్దం వేసి అతనికి బల్ల చేసింది. పెంకు కింద ఫాల్స్ సీలింగు వేద్దామని సాయిరాం అంటే, అంతంత టేకు వాసాలు పెట్టుకుని జిప్సం అట్టలు కప్పుకుంటారా అని మండిపడి, ఆ వాసాలన్నీ మైనం పెట్టి తుడిపించి, వాటి పక్కన కనపడకుండా పసుపు లైట్లు దాచింది. దీపం వేస్తే వెలుగు కనిపించాలి గాని బల్బు కనిపించకూడదని ఆవిడ పట్టుదల. వంటింట్లో అమృతవల్లిగారిని నిలబెట్టి, మోచేతి ఎత్తు కొలిచి, ఆ లెక్కన గట్టు కట్టించింది. ముప్పై అయిదేళ్లుగా వంగి వంగి వండిన ఆవిడ మొదటిరోజు నిటారుగా నిలబడి పులుసు పెట్టుకుని, అందులో ఉప్పు మర్చిపోయి, అదే మహాప్రసాదంలా అందరికీ వడ్డించారు. ఎవరూ కిక్కురుమనలేదు.

వీధి వసారాలో మాత్రం సువర్ణ ఏమీ మార్చలేదు. అందరూ టైల్స్ అన్నారు, గ్రానైట్ అన్నారు. ఆవిడ చెవిన పెట్టలేదు. ఆ ఎర్రగచ్చు అలాగే ఉంచి, కొబ్బరినూనె పెట్టి మెరుగు పెట్టించింది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఇప్పుడిలాంటి పని చేసేవాళ్లు లేరండీ అనేది. అసలు కారణం చెప్పలేదు.

ఇక పడమటిల్లు. దాన్ని పట్టుకుని ఆవిడ ప్రాణం పెట్టేసింది. కోనసీమ నేల సంగతి తెలిసిందే కదా, అడుగు తవ్వితే నీళ్లు. తూర్పు, పడమర గోడలకి ఏటా వానాకాలం నడుం ఎత్తున చెమ్మెక్కి, ఉప్పు పూసి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయేది. అందుకని సువర్ణ ఆ రెండు గోడలకీ కాస్త గాలి ఆడేలా చెక్క ఫ్రేము కట్టించి, దానిమీద చెమ్మకి పాడవని మెరైన్ ప్లైవుడ్, ఆపైన టేకు పొర అతికించింది. గోడ గోడంతా నున్నటి టేకు! ద్వారబంధం మీద ఏనుక్కి ప్రత్యేకంగా ఒక చిన్న లైటు కూడా పెట్టింది. ఆ లైటు వెయ్యగానే ఏనుగు ఇప్పుడే నడిచొచ్చినట్టు కనిపించింది. సూరిబాబు మనుషులు చప్పట్లు కొట్టారు. సువర్ణ ఆ ఫోటో సుధీర్‌కి, చెల్లెలికి, చర్చి గ్రూపుకి, చివరికి తనని ఎప్పుడూ అరతలుపులు బిగించడానికి పిలిచే డాక్టరుగారికి కూడా పంపింది. డాక్టరుగారికి ప్రత్యేకంగా రెండుసార్లు పంపింది.

షష్టిపూర్తి ఇక తొమ్మిది రోజులుందనగా, ఆ పొద్దున్న సువర్ణ వెళ్లేసరికి శరభయ్యగారు పడమటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారు. పక్కన టేపు. ఒళ్లో తెల్లకాగితం. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“అమ్మా సువర్ణా, ఇలా వచ్చి కూర్చో” అన్నారాయన. “ఈ గది మా తాతగారు గజాయంలో కట్టించేరు. పద్దెనిమిది అడుగుల పొడవు, పదిహేనున్నర వెడల్పు. ఇప్పుడు వెడల్పు పదిహేనే వస్తోంది.”

సువర్ణ కింద ఉన్న టేపు అందుకోబోయి మానేసింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆయమంటే ఇంటి లెక్క. గది పొడవు వెడల్పులు హెచ్చవేసి, చదరపు గజాల్లోకి తెచ్చి, తొమ్మిదితో గుణించి, ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషమే ఆయం. ఒకటి, మూడు, అయిదు, ఏడు మిగిలితే మంచిది. సరిసంఖ్య మిగిలితే మంచిది కాదు. అయిదు వృషభం, ఏడు ఏనుగు, అదే గజాయం. ఇలా ఒక్కో అంకెకి ఒక్కో పేరు. పూర్వం ఇల్లు కట్టించేవాళ్లు ఈ లెక్క తప్పితే మేస్త్రీని బతకనిచ్చేవారు కాదు. ఏసుదాసుకి ఆ పేర్లన్నీ నోటికొచ్చు. ఎటొచ్చీ ఆయన బడికి వెళ్లినవాడు కాదు, పెద్ద హెచ్చవేతలు వచ్చేవి కావు. అందుకని అయిదో తరగతి చదివే సువర్ణని సెలవుల్లో పనిలోకి తీసుకెళ్లేవాడు. ఆయన ముడులేసిన దారం పట్టుకుని కొలత అరిస్తే, ఈ పిల్ల సిమెంటు బస్తా మీద కూర్చుని పలక మీద లెక్క కట్టేది. తొమ్మిదో ఎక్కం బళ్లో పంతులుగారి దగ్గర కాదు, అక్కడ వచ్చింది దానికి. లెక్క అయ్యేదాకా ఆయన తాపీ ముట్టేవాడు కాదు. చివర్న ఒకే మాట అడిగేవాడు, “శేషం ఎంతే?” అని. పిల్ల అంకె చెప్పేది. అది మంచి అంకె అయితే ఆ సాయంత్రం జీళ్లు కొనిపెట్టేవాడు. తండ్రికి తన అవసరముందన్న గర్వంతో ఆ జీళ్లు మరీ తియ్యగా ఉండేవి.

అలాంటి సువర్ణ, ఆ ఏనుగుని మూడు నెలలపాటు తుడిపించి, మైనం రాయించి, లైటు పెట్టించిన సువర్ణ, అదక్కడ ఎందుకుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. చెమ్మ చూసింది, వెలుగు చూసింది, రంగు చూసింది. చెక్క ఫ్రేముతో ఒక్కో గోడా మూడంగుళాలు ముందుకొస్తే గది తగ్గుతుందని, గది తగ్గితే శేషం మారుతుందని ప్లాను గీసే కంప్యూటర్ చెప్పదు కదా. చెప్పవలసిన పలక ఆవిడ తలలోనే ఉంది. ఆవిడే దాన్ని తియ్యలేదు.

ముందు ముప్పై ఒక్క గజాలు, శేషం ఏడు. ఇప్పుడు ముప్పై గజాలు. శరభయ్యగారు చెప్పకముందే ఆవిడ మనసులో లెక్క అయిపోయింది. శేషం ఆరు.

“ఖరాయమండీ” అంది నెమ్మదిగా.

శరభయ్యగారు ఉలిక్కిపడి చూశారు. ఆవిడకి ఆ పేరు తెలుస్తుందని ఆయన అనుకోలేదు. ఖరమంటే గాడిద. వేదం చదువుకున్న ఇంటి పడమటింట్లో ఏనుగు పోయి గాడిదొచ్చి కూర్చుంది. అది కూడా ఏనుగు బొమ్మ మీద లైటు వేసి మరీ!

సాయిరాం పరిగెత్తుకొచ్చి తండ్రి మీద కోప్పడ్డాడు. ఈ రోజుల్లో ఇదేం లెక్క నాన్నగారూ, నలుగురూ వింటే నవ్వుతారు, అసలు కొలవకుండా ఉంటే మీకు తెలిసేదా అన్నాడు. తెలిసింది కదరా అన్నారాయన. గట్టిగా కూడా అనలేదు. తన షష్టిపూర్తి ఆ గదిలో పీటల మీద కూర్చుని చేసుకోలేనని, బయట పందిట్లో చేసుకుంటానని అన్నారు. అమ్మాయి ఇంత కష్టపడి చేసింది, తప్పు నాదే, ముందే చెప్పవలసింది అని కూడా అన్నారు. ఆ మాటకి సువర్ణకి ఏడుపొచ్చింది.

సాయిరాం ఆవిడ వైపు తిరిగి, మీరైనా చెప్పండి మేడమ్, ఇవన్నీ మూఢనమ్మకాలని అన్నాడు. సువర్ణ చెప్పలేదు. ఆయన పుట్టి పెరిగిన గదిలో ఆయనకే కాలు నిలవనప్పుడు, ఎంత టేకు అతికిస్తే మాత్రం ఏం లాభం? తన పని తప్పిందన్నది తప్పిందే. కానీ ఆ చెక్క ఊడదీస్తే వెనకాల ఉప్పు పూసిన గోడలు, నిండా మేకుల చిల్లులు. తొమ్మిది రోజుల్లో మళ్లీ సున్నం ఆరదు. వచ్చే నాలుగువందల మంది చుట్టాలూ ఆ గోడల్నే చూస్తారు. జీవితంలో దొరక్క దొరక్క దొరికిన మొత్తం ఇల్లు, మొత్తంగా నవ్వులపాలవుతుంది. ఇంకెవరిస్తారు ఇంకో ఇల్లు?

“మాస్టారండీ, నాకీ ఒక్కరోజు ఇవ్వండి” అని చెప్పి స్కూటీ ఎక్కింది.

అమలాపురం దాకా ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. ఏసుదాసు వసారాలో కూర్చుని రేగుపళ్లు తింటున్నాడు. కూతురు చెప్పినదంతా విన్నాడు. విని, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి సువర్ణకి ఒళ్లు మండింది. ముసలాయన ఆపలేదు. గాడిదకి లైటేసేవటే అని మళ్లీ నవ్వాడు. కళ్లు తుడుచుకుని అప్పుడన్నాడు.

“తియ్యడమెందుకే పిచ్చిదానా? మాకు గోడమీద గిలాబా పూత మందమైపోతే చెక్కేవాళ్లమా? ఇంకో గోడకి ఇంకాస్త వేసేవాళ్లం. తగ్గిందా, ఇంకాస్త తగ్గించు. అంకె అదే దార్లోకొస్తాది.”

సువర్ణ బ్యాగులోంచి కాగితం లాగింది. వెడల్పు ఇప్పుడు పదిహేను, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ముప్పై గజాలు ఇరవై తొమ్మిది కావాలి. ఇరవై తొమ్మిదైతే శేషం అయిదు. అంటే వృషభాయం, నిక్షేపంలాంటి ఆయం. దానికి పొడవులో ఎంత తగ్గాలి? పెన్ను గీతలు గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది. ఏడంగుళాల మీద రెండు నూళ్లు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తాపీవాళ్ల కొలత. ఒక్క ఉత్తరపు గోడ ముందు ఏడుంబావు అంగుళాలు కడితే చాలు. అది లోపలి గోడ, అవతల ఇంకో గది ఉంది, చెమ్మ రాదని ఆవిడ దాన్ని ఖాళీగా వదిలేసింది. మిగిలిందల్లా ఏడుంబావు అంగుళాల మందంలో ఏం కట్టాలన్నదే.

ఆ మాట అనుకుంటూనే లేచి నిలబడిపోయింది. పుస్తకాలు!

శరభయ్యగారి ఇంట్లో అటక మీద ఏడు పెట్టెలున్నాయి. తాతగారివి, తండ్రిగారివి, ఆయనవి, అన్నీ పుస్తకాలే. చెమ్మకి భయపడి నలభై ఏళ్లుగా పెట్టెల్లో పెట్టి, ఏటా ఎండలో వేసి, మళ్లీ పెట్టెల్లో పెడుతున్నారు. ఎండలో వేసిన రోజు ఆయన భోజనానికి కూడా లేవరని అమృతవల్లిగారు ఒకసారి నవ్వుతూ చెప్పారు. పుస్తకాలకి చోటు కావాలని ఆయన అడగలేదు. సువర్ణకి తట్టనూ లేదు. ఇప్పుడు తట్టింది. కాని పుస్తకాలు పడతాయా? అమృతవల్లిగారికి ఫోన్ చేసింది. మేడంగారండీ, ఒక్కసారి అటకెక్కించి, అన్నింటిలోకీ వెడల్పాటి పుస్తకం ఎంతుందో కొలిపించండి, మాస్టారుగారికి తెలీకూడదు అని బతిమాలింది. పావుగంట. ఆ పావుగంటా సువర్ణ వసారాలో ఇటునుంచటు, అటునుంచిటు నడిచింది. ఏసుదాసు రేగుపళ్లు ఇవ్వబోతే తోసేసింది.

ఫోన్ మోగింది. పెద్దది ఆరున్నర అంగుళాలట.

సువర్ణ గావుకేక పెట్టింది. వెనకచెక్కా, ముందరంచూ పోగా లోపల సరిగ్గా ఆరూముప్పావు మిగులుతుంది. తండ్రిని పట్టుకుని ఊపేసింది. మోకాళ్లే, మోకాళ్లే అని ఆయన మొత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే శరభయ్యగారి ముందు కాగితం పెట్టింది. ఆయన లెక్క ఒకసారి చూశారు, రెండోసారి చూశారు, బొమ్మ దగ్గర ఆగిపోయారు. ఉత్తరపు గోడంతా నేల నుంచి వాసాల దాకా అరలు. మధ్యలో ఆయన కూర్చుని చదువుకోవడానికి ఒక మడత బల్ల. ఇది ఎవరు చెప్పేరమ్మా అని అడిగారు చివరికి. మా నాన్నగారండీ, తాపీమేస్త్రీ, మీ వీధి వసారాలో గచ్చు ఆయనే చేసేరు అంది సువర్ణ. దాని మీద టైల్స్ ఎందుకు వెయ్యనివ్వలేదో అప్పుడర్థమైంది ఆయనకి. తలపంకించి, అరలు ఎప్పుడు మొదలుపెడతావని అడిగారు.

తర్వాత ఏడు రోజులు ఆ ఇంట్లో తిరనాళ్లే అనుకోండి. రాజమండ్రి నుంచి టేకు పొర రావాలి. బయల్దేరింది, జొన్నాడ దగ్గర వ్యాను టైరు పేలింది. సూరిబాబు తన మోటారుసైకిలేసుకుని వెళ్లి, సగం సరుకు ఆటోలో ఎక్కించుకొచ్చాడు. ఒకపక్క పందిరి వాళ్లు గుంజలు పాతుతున్నారు, ఇంకోపక్క రంపపు పొట్టు ఎగురుతోంది. చుట్టాలు ముందుగానే దిగిపోయారు. దిగినవాళ్లు ఊరుకోకుండా సలహాలు చెప్పారు. సువర్ణ అందరికీ ఆయ్ అంటూనే ఎవరి మాటా వినకుండా పని లాక్కొచ్చింది. రోజుకి పదిసార్లు ఆ ఏడుంబావు కొలిచేది. సూరిబాబు ఉండబట్టలేక, “అక్కగారండీ, మీరు కొలిచి కొలిచి ఆ చెక్కని అరగదీసేత్తన్నారండి” అన్నాడు. ఆవిడ నవ్వి మళ్లీ కొలిచింది.

ముందురోజు మధ్యాహ్నానికి చివరి అర బిగిసింది. శరభయ్యగారు అటక మీది పెట్టెలు దింపించబోతూ ఆగారు. అప్పుడే కాదు, ముందు కొలవాలి అన్నారు. సువర్ణ టేపు తీసింది. ఆయన వద్దన్నారు.

“టేపుతో కాదమ్మా. మీ నాన్నగారు వచ్చి దారం పట్టాలి. ఆయన సరేనంటేనే నేను లోపల కూర్చుంటాను.”

అని, కారు పంపించి ఊరుకోలేదు. సాయిరాంని వెంటబెట్టుకుని ఆయనే వెళ్లారు. ఏసుదాసు ముందు నమ్మలేదు. చొక్కా మార్చుకుని, పాత పెట్టె అడుగునుంచి ముడులేసిన దారం కండె తీసి జేబులో పెట్టుకుని, కారులో వెనకసీట్లో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

వీధి వసారా దగ్గర కారు దిగి, ముందు ఎర్రగచ్చు చూసుకున్నాడు. వంగలేక కాలితోనే తడిమాడు. బావుంది, పగల్లేదు అని తనలో తను అనుకున్నాడు. ఆ గచ్చు చివర, లోపలి గడప దగ్గర, అలవాటుగా ఆగిపోయాడు. నలభై ఏళ్ల కిందట ఆగిన చోటే. సువర్ణ అది చూసింది. మండువాలో స్తంభాలకి తోరణాలు కడుతున్న చుట్టాలు చూశారు. శరభయ్యగారు కూడా చూశారు. వెనక్కొచ్చి, ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“రండి ఏసుదాసుగారూ. అప్పుడే పిలవాల్సింది. అప్పటికి మాకంత బుద్ధి లేదు.”

ఏసుదాసు ఆ చెయ్యి ఊతంగా పట్టుకున్నాడు. గడప దాటాడు. మండువా దాటి, ఏనుగు కింద నుంచి పడమటింట్లోకి వెళ్లాడు. తలెత్తి వాసాలు చూశాడు, టేకు గోడలు చూశాడు, అరలు చూశాడు. కూతురి వైపు చూశాడు. ఇంతా చేసి, ఆ మూల అతుకు కాస్త కనిపిస్తోందే అన్నాడు! సూరిబాబు నొచ్చుకున్నాడు గాని, నిజంగానే కనిపిస్తోంది.

ఆయన దారం తీశాడు. ఒక కొస పట్టుకునేవాళ్లు కావాలి. సూరిబాబు ముందుకొచ్చేలోపే శరభయ్యగారు పంచె ఎగ్గట్టి, ఆ కొస పట్టుకుని, అరల అంచుకి ఆనించి చతికిలబడ్డారు. దక్షిణపు గోడ దగ్గర ఏసుదాసు, ఉత్తరాన శరభయ్యగారు. మధ్యలో దారం బిగిసింది. ముడులు వేళ్లతో లెక్కపెట్టుకుని పొడవు అరిచాడు. తర్వాత వెడల్పు పట్టి అదీ అరిచాడు. చుట్టాలంతా గుమ్మంలో మూగారు. అమృతవల్లిగారు గరిటె పట్టుకునే వచ్చేశారు.

సువర్ణకి ఆ లెక్క కంఠతా వచ్చు. వారం రోజులుగా నిద్రలో కూడా కట్టింది. అయినా మనసులో మళ్లీ కట్టింది. తండ్రి దారం చుట్టుకుంటూ, ఆ జనాన్నెవర్నీ చూడకుండా, సిమెంటు బస్తా మీద కూర్చున్న పిల్లనడిగినట్టు అడిగాడు.

“శేషం ఎంతే?”

“అయిదు నాన్నా” అంది సువర్ణ.

“వృషభాయమండీ పంతులుగారూ” అన్నాడు ఏసుదాసు. శరభయ్యగారు నేలమీద నుంచి లేవకుండానే, ఆ దారం కొస వదలకుండానే, పెట్టెలు దింపమని కొడుక్కి చెప్పారు. మొదటి పుస్తకం, అన్నింటిలోకీ వెడల్పాటిది, ఆయన ఏసుదాసు చేతికే ఇచ్చారు. ఆయనకి చదవడం రాదు. రెండు చేతులతో పట్టుకుని, అరలో పెట్టి, అది ఎంత లోపలికి వెళ్లిందో వేలు పెట్టి చూశాడు. పావంగుళం ఖాళీ ఉంది. కూతురికేసి తిరిగి, సరిపోయిందే అన్నాడు.